ఎడమ పక్క కూర్చునే మనిషి

పోయిన వేసవిలో యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి ధర్మవరంలోని మా వీధికి వచ్చింది. నేత పని చేసే కుటుంబాల మీద పరిశోధన చేస్తోందట. ఫోనులో రికార్డు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగింది. ఎదురింటికి ముందు పోయింది, తర్వాత పక్కింటికి పోయింది, మా ఇంటికి అందరికంటే చివర వచ్చింది. అది గమనించాను. అయినా కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాను.

“ప్రపంచీకరణ వల్ల మీ కుటుంబంలో ఏం మార్పులు వచ్చాయమ్మా?” అని అడిగింది.

ఆ మాట నాకు కొత్త కాదు. పదో తరగతి వరకు చదువుకున్నాను. ఇప్పటికీ లైబ్రరీకి పోయి పేపరు చదువుతాను. కాసేపు ఆలోచించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

“మా చెల్లెలు పడుగు సగంలో ఇడిసిపెట్టి హిందూపురం పాయె తల్లీ. అదే మార్పు.”

ఆ అమ్మాయి నవ్వింది. “అది మీ పర్సనల్ కదమ్మా. నేను సమాజం గురించి అడుగుతున్నాను,” అంది. ఆ తర్వాత ఇంట్లో ఎంతమంది ఉన్నారు, గ్యాసు ఉందా, మరుగుదొడ్డి ఉందా అని అడిగి, మజ్జిగ సగం గ్లాసులోనే వదిలేసి వెళ్లిపోయింది.

సమాజం మా గడప దాటాక ఎక్కడో మొదలవుతుందని ఆమె ఉద్దేశం కాబోలు. ఆమె రికార్డు చేసుకోని జవాబును నేనే ఇక్కడ రాస్తున్నాను.

మగ్గం మీద పడుగు, అంటే చీర నిలువు పోగుల వరస, అయిపోవస్తే దాన్ని పూర్తిగా కోసెయ్యరు. నిలువు పోగుల కొసలు కాస్త మగ్గంలోనే వదిలేస్తారు. కొత్త పడుగు తెచ్చి, దాని ఒక్కొక్క పోగునూ పాత పడుగులోని ఒక్కొక్క కొసకు అతకాలి. ముడి వెయ్యకూడదు. వేళ్లకు విబూది అద్దుకుని, రెండు పోగులనూ కలిపి మెలిపెట్టాలి. మెలిక గట్టిగా పడితే ముందుకు లాగినప్పుడు పోగు దువ్వెనలాంటి అచ్చు సందుల్లోంచి సాఫీగా వచ్చేస్తుంది. లేకపోతే విడిపోతుంది. పట్టుచీర పడుగుకు వేల పోగులుంటాయి. ఒక్కరు చేస్తే తెమలదు కాబట్టి ఇద్దరు కూర్చుంటారు. ఒకరు కుడి అంచు నుంచి, ఒకరు ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తారు.

మా అమ్మా మా పిన్నమ్మా ఈ పని చేశారు. వాళ్ల తర్వాత నేను, మా చెల్లెలు. నేను కుడి పక్క, అది ఎడమ పక్క. మగ్గం ఇంటావిడ మా ఇద్దరికీ బొట్టు పెట్టి కూర్చోబెట్టేది. ఇద్దరు కూర్చుంటే ఇద్దరూ కలిసే లేవాలి. ఒకరికి దాహమేస్తే ఇద్దరం లేచి నీళ్లు తాగేవాళ్లం. పడుగు అయ్యాక ఇద్దరికీ ఒకేసారి బువ్వ పెట్టేవాళ్లు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. కానీ మా వీధిలో దాన్ని తప్పినవాళ్లను నేను చూడలేదు.

ఎదురెదురుగా వంగి కూర్చునేవాళ్లం కాబట్టి రోజంతా దాని ముఖమే నాకు కనిపించేది. పని చేస్తూ ఊరి సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్లం. ఏ ఇంట్లో మాకేం మర్యాద జరిగిందో నేను చెబుతుండేదాన్ని. ఒక ఇంట్లో బొరుగుల ఉగ్గాని పెట్టి బజ్జీ వెయ్యలేదు. ఇంకో ఇంట్లో కాఫీ గ్లాసు ముందు మా చెల్లెలికి ఇచ్చి, నాకు తర్వాత ఇచ్చారు, నేను పెద్దదాన్నని తెలిసి కూడా.

“యాలక్కా అవన్నీ మోస్తాండావు? బరువు కాదా?” అని నవ్వేది మా చెల్లెలు.

“నువ్వు మోయవు కాబట్టి నేను మోస్తాండా.”

“బజ్జీ లేకపోతేనేం, ఉగ్గాని రెండోసారి పెట్టించుకున్న్యావు కదా.”

“అది వేరే. బజ్జీ బజ్జీనే.”

అలా ఉండేది. అప్పట్లో మా వీధిలో నడిస్తే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వినిపించేది. తర్వాత ఒక్కొక్క ఇంట్లో ఆ చప్పుడు ఆగింది. చైనా పట్టు వచ్చింది. అది మన హిందూపురం పక్క తీసే దారంలా అక్కడ లావుగా ఇక్కడ సన్నగా ఉండదు, ఒకే తీరుగా ఉంటుంది. మిషన్ మగ్గాలకు అది బాగా పనికొచ్చింది. ధర్మవరంలో నేసిన చీర అంగడికి పోగానే ఎవరో ఫోటో తీస్తారు. ఆ ఫోటో ఎక్కడికో పోతుంది. అదే అంచు, అదే బుటా ఉన్న చీర ఇంకో ఊరి మిషన్ మీద తయారై, మన అంగడికే వచ్చి, మన ఊరి పేరుతోనే అమ్ముడుపోతుంది. మా మరిది, అంటే మా చెల్లెలి భర్త, మంచి నేతగాడు. అతని చీరను షాపువాడు తిప్పి చూసి, “బాగుండాదప్పా, కానీ ఇదే మిషన్‌ది తక్కువకు దొరుకుతాంది” అన్నాడట. కూర్చోమని కూడా అనలేదట. కొన్నాళ్లకు మరిది మగ్గం ఆపి, పెనుకొండ దగ్గర వచ్చిన కార్ల ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టరు కింద సామాన్లు దించే పనికి పోయాడు.

ఆ తర్వాత వచ్చింది నేను చెప్పబోయే రోజు.

మా వీధిలో ఎక్కువ మగ్గాలున్న ఇల్లు ఒకటే మిగిలింది. ఆ ఇంటావిడను మేము అత్తా అని పిలిచేవాళ్లం. ఆ రోజు పెళ్లి చీరల పడుగు, ముదురు వంకాయ రంగు, ఆకుపచ్చ అంచు. పొద్దున బొట్టు పెట్టించుకుని కూర్చున్నాం. మధ్యాహ్నానికి చెరి సగంలో సగం కూడా కాలేదు. అప్పుడు మా చెల్లెలి ఫోను మోగింది. మాట్లాడి, ఫోను ఒళ్లో పెట్టుకుంది.

“అక్కా, నేను పోవల్ల.”

“యాడికి?”

“హిందూపురం. చొక్కాలు కుట్టే కంపెనీకి పేరిచ్చింటి. ఈ పొద్దే రమ్మంటాండారు. రేపయితే ఇంగొకరిని తీసుకుంటారంట.”

పేరిచ్చినట్టు నాకు చెప్పలేదు. రోజంతా ఎదురుగా కూర్చున్న మనిషి ఆ మాట మాత్రం దాచింది. అది మొదటి దెబ్బ.

“పడుగు అయినాక పో,” అన్నాను.

“రైలు పోతుంది కదక్కా.”

“పోతే ఇంగో రైలు వస్తాది.”

“రైలు వస్తాది. ఇంగో పడుగు వస్తాదని ఎవురు చెప్పినారు నీకు?”

ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చింది. కూర్చోమని అన్నాను. అది వేళ్ల విబూది కొంగుకు తుడుచుకుని లేచి, నా తల మీద చెయ్యి పెట్టి, వెళ్లిపోయింది. పడుగు ఎడమ పక్క కొత్త పోగులన్నీ అలాగే వేలాడుతూ ఉన్నాయి.

అత్త వచ్చి చూసింది. “ఏందమ్మా ఇది? పొయ్యి మీద సగం ఉడికిన బువ్వ పెట్టి పోయినట్లుండాది. పో, ఇంగెవరినన్నా పిల్చుకోని రా పో.”

“ఎవురూ వద్దు. నేనొక్కదాన్నే చేస్తా,” అన్నాను.

వేరేవాళ్లను పిలిస్తే మా అక్కచెల్లెళ్ల సంగతి వీధిలో పడుతుందని నా ఉద్దేశం. కుడి పక్క నా వంతు ముగించి, ఎడమ పక్కకు జరిగి రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నాను. కుడి నుంచి లోపలికి నడవడానికి అలవాటు పడిన చెయ్యి నాది. ఎడమ అంచు దగ్గర వేళ్లు తడబడ్డాయి. చూసేవాళ్లకు తేడా తెలియదు. నాకూ ఆ రోజు తెలియలేదు. మరుసటి రోజు పడుగును ముందుకు లాగితే ఎడమ సగంలో అతుకులు ఒక్కొక్కటిగా విడిపోయాయి. అచ్చు సందుల్లోంచి పోగులు వెనక్కి జారిపోయాయి. అత్త భర్త నేత ఆపి, విడిపోయిన పోగులు వెతికి కట్టుకుంటూ రోజులు గడిపాడు.

అత్త నన్ను పిలిపించి, నలుగురు ఆడవాళ్లు వింటుండగా అంది: “ఒక పక్క మనిషి అతికినట్లుండాది. ఇంగో పక్క దెయ్యం అతికినట్లుండాది.”

ఆ మాట సాయంత్రానికి వీధంతా తిరిగింది. కుళాయి దగ్గర పిల్లలు కూడా అనుకున్నారు. ఆ ఇంటివాళ్లు నన్ను మళ్లీ పనికి పిలవలేదు. నా తప్పని వాళ్లు అనుకున్నారు. తప్పు నాది కాదని అప్పుడు చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. సగంలో లేచిన మనిషిది తప్పు. ఎక్కడో ఉన్న దేశంలో ఎవరికో చొక్కాలు కావాల్సి వచ్చి, ఆ ఒక్క మధ్యాహ్నం ఆగలేకపోయినవాళ్లది తప్పు.

మా చెల్లెలు హిందూపురంలోనే గది తీసుకుంది. ఫోను చేసేది. నేను ఎత్తేదాన్ని కాదు. ఒక ఏడాది పైన అలా గడిచింది. తర్వాత మా వీధిలో ఒక నేతగాడికి చేతిమగ్గం చీరలే కావాలన్న పెళ్లివాళ్ల పని దొరికింది. అతుకు పనికి జత కావాలన్నాడు. “ఇద్దరూ వస్తే మీకే ఇస్తా. ఒక్కదానివైతే వద్దులే అక్కా,” అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలుసు.

అందుకే హిందూపురం పోయాను. ప్యాసింజరు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. పెనుకొండ వచ్చేసరికి కొండ కనిపించింది. ఇంకో పక్క రేకుల షెడ్లు, వాటి మీద మనకు చదవరాని అక్షరాల బోర్డులు. ఆ అక్షరాలు కొరియావాళ్లవని పక్కనున్నాయన చెప్పాడు. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ అతను మొదట కన్నడలో ఏదో అడిగాడు. నేను బదులు చెప్పకపోతే తెలుగులోకి దిగాడు.

“ఎవురు కావల్లమ్మా?”

“మా చెల్లెలు.”

“ఈడ ఉండేదంతా ఎవురో ఒకరి చెల్లెండ్లే. లైను నంబరు చెప్పు.”

నాకు లైను నంబరు తెలియదు. పేరు చెప్తే ఆ పేరుతో చాలామంది ఉన్నారన్నాడు. గోడ నీడలో నిలబడ్డాను. కుర్చీ ఉంది, అతను కూర్చోమనలేదు. అన్నం బెల్లు కొట్టాక ఆడవాళ్లు గుంపుగా బయటికి వచ్చారు. అందరి తలల మీదా ఒకే రంగు టోపీలు. అందులో మా చెల్లెలిని నేను గుర్తుపట్టలేదు. అదే నన్ను గుర్తుపట్టి వచ్చి చెయ్యి పట్టుకుంది. నిలబడి బాక్సు తెరిచి తింటూ, నాకూ ఒక ముద్ద పెట్టింది.

“ఏం కుడతాండావు?” అని అడిగాను.

“కాలరు.”

“చొక్కా అంతా?”

“కాలరే. చేతులు ఇంగో లైనోళ్లు, జేబు ఇంగో లైనోళ్లు.”

“నీ ఎదురుగా ఎవురు కూకుంటారు?”

తినడం ఆపి నన్ను చూసింది. “ఎదురుగా ఎవురూ ఉండరక్కా. ముందర కూకునే ఆమె వీపు కనపడతాది.”

“ఆ చొక్కాలు ఎవురు తొడుక్కుంటారు?”

“మనం కాదు.”

నేను వచ్చిన పని చెప్పాను. ఒక్క రోజు సెలవు పెట్టి రమ్మన్నాను. అది తల అడ్డంగా ఊపింది. చలికాలం ఆర్డరు నడుస్తోందట. బయట మన ఎండ తారును కరిగిస్తోంది. ఇంకో దేశంలో రాబోయే చలికి ఇక్కడ మా చెల్లెలికి సెలవు లేదు. ఆ ముందు వచ్చిన ఉగాదికి కూడా ఇవ్వలేదట. మన పండుగలు పంచాంగం చూసి వచ్చేవి. ఇప్పుడు అవి కూడా కనపడని వాళ్ల బీరువాలను బట్టి వస్తున్నాయి.

బెల్లు మోగింది. అది టోపీ సర్దుకుని, మెడలో వేలాడే కార్డు సంచిలోంచి నోట్లు తీసింది. “రైలుకు దుడ్లు పెట్టుకోక్కా.”

డబ్బును దుడ్లు అనడం హిందూపురంలో నేర్చింది, మా ఇంట్లో ఎవరూ అనరు. అక్కకు చెల్లెలు రైలు ఛార్జీ ఇవ్వడం కూడా మా ఇంట్లో లేదు. తీసుకోలేదు. అది నోట్లు చేతిలో పట్టుకునే లోపలికి పరుగెత్తింది. పెళ్లి చీరల పని వేరే వీధివాళ్లకు పోయింది.

ఆ తర్వాత నాకు పడుగు అతికే పని దొరకలేదు. మా ఆయన ఆటో తోలుతాడు, దాంతోనే ఇల్లు గడవదు. నేను చీరల కొంగులకు కుచ్చులు కట్టడం మొదలుపెట్టాను. ఎక్కడో మిషన్ మీద నేసి ధర్మవరం వచ్చిన చీరలు మా ఇంటికి వస్తాయి. వాటికి కుచ్చులు కట్టి పంపిస్తాను. వాటి అంచు చూడగానే అది ఏ ఇంటి మగ్గం మీద పుట్టిన అంచో నాకు తెలుస్తుంది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

చొక్కాల కంపెనీ కూడా నిలవలేదు. ఇంకో దేశంలో ఇంకా తక్కువకు కుడుతున్నారని ఆర్డర్లు అక్కడికి మళ్లాయట. ఒక రోజు పొద్దున డ్యూటీకి పోయినవాళ్లకు గేటు తీయలేదట. మా చెల్లెలు బ్యాగు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మనిషి చిక్కింది. గడప మీదే కూర్చుంది.

“అక్కా, మన పని యాడన్నా ఉంటే చెప్పు. ఎడమ పక్క కూకుంటా.”

ఆ మాట వినాలని నేను ఎంత కాలంగా చూశానో ఆ దేవుడికి తెలుసు. అయినా వెంటనే సరే అనలేదు.

“ముందు ఆ అత్త ఇంటికి పోయి, సగంలో పోయింది నేను, మా అక్కది తప్పు లేదు అని చెప్పు. ఆమె ఒప్పుకున్న్యాక కూకుందాం.”

అది గొడవపడుతుందనుకున్నాను. అందుకు జవాబులన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. అది లేచి చెప్పులు వేసుకుంది. “సరే, పా.”

అత్త ఇల్లు బయటికి అలాగే ఉంది. లోపల మగ్గాల గుంతలు పూడ్చి బండలు పరిచారు. మగ్గాలున్న చోటంతా అట్టపెట్టెలు. ఫోనులో ఆర్డరు పెట్టుకునే సామాన్లు అక్కడ దించి ఊరంతా పంచుతారట. హాలు వాళ్లకు బాడుగకు ఇచ్చారు. అత్త ఒక మూల కుర్చీలో కూర్చుని ఫోను చూస్తోంది. మమ్మల్ని చూసి నవ్వింది. ఎవరికైనా నవ్వే నవ్వు.

మా చెల్లెలు చెప్పాల్సిన మాట సరిగ్గా చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు.

“ఏ పడుగమ్మా?” అంది అత్త.

నేను గుర్తు చేశాను. వంకాయ రంగు, ఆకుపచ్చ అంచు, పెళ్లి చీరలు, విడిపోయిన పోగులు.

“ఏమో తల్లీ. ఎన్ని పడుగులు, ఎంతమంది అతికినారు. మీరు కూడా అతికేవాళ్లా?”

“దెయ్యం అతికినట్లుండాది అంటివి కదా అత్తా, అందరి ముందర.”

“నేనా? నేను యాలంటాను అట్లా?” అని ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. నటన కాదు. నటన అయితే నాకు తెలిసేది. “కూకోండి, కాఫీ పెట్టిస్తా.”

పెట్టెలు మోసుకొచ్చిన ఒకతను, “కొంచెం జరగండక్కా,” అన్నాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. కాఫీ వచ్చింది. నేను ముట్టుకోలేదు. నా గ్లాసు కూడా మా చెల్లెలే తాగింది.

బయటికి వచ్చాక అది నెమ్మదిగానే అడిగింది. “అయిపాయెనా అక్కా? ఇంగ కూకుందామా?”

అయిపోలేదు. ఆమె ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా. ఇన్నేళ్లు నేను మోసిన మాట, దాన్ని అన్న మనిషి దగ్గరే లేదు. అదంతా మా చెల్లెలికి చెప్పలేదు. వీధిలో మగ్గాలు మిగిలిన ఇళ్లకు తీసుకుపోయాను. ఒక ఇంట్లో, “మా కోడలే అతుకుతాదిలే,” అన్నారు. ఇంకో ఇంటివాళ్లు, “మగ్గమే తీసేస్తాండాం కదమ్మా, ఎవరన్నా కట్టెలు కొంటారేమో చెప్పు,” అన్నారు. ఇక అడగడానికి ఇళ్లు లేవు.

మా చెల్లెలు రెండు రోజులుండి బయలుదేరింది. స్టేషన్ దాకా పోయాను. పెనుకొండలో కార్ల ఫ్యాక్టరీ కొరియావాళ్లు ఉండే గెస్ట్‌హౌస్ వంటింట్లో పని ఉందని మరిది ఫోను చేశాడట. క్యాబేజీలు, ముల్లంగులు బుట్టలకు బుట్టలు తరిగి, కారం పట్టించి డబ్బాల్లో పెట్టాలట. ఈ సంగతి రైలు కనిపించేదాకా చెప్పలేదు.

“ఇద్దరు కావల్లంటక్కా. ఎదురెదురుగా కూకోని తరిగేది. నువ్వు కూడా రా.”

“ఇంటికొచ్చి పిలువు.”

“ఇప్పుడు పిలుస్తాండా కదా.”

“రైలు ఎక్కుతా పిలిచేది పిలుపు కాదు.”

“ముల్లంగి తరిగేదానికి బొట్టు పెట్టి పిలవల్లనా నిన్ను?”

“అవును. పిలవల్ల.”

అది నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. రైలు ఆగింది, ఎక్కింది. తలుపు దగ్గర నిలబడి, “ఎన్నాళ్లని ఇట్లుంటావక్కా?” అంది. చప్పుడులో విననట్టు ఉన్నాను.

పిలుస్తుందని చూశాను. ఫోను చేసింది. ఈసారి ఎత్తాను. కానీ ఫోను పిలుపు కాదని ఫోనులోనే చెప్పాను. సెలవు లేదంది. ఆదివారం కూడా వాళ్లకు వండాలంది. సెలవు దొరికితే వస్తానంది. నేను సరే అన్నాను. ధర్మవరానికీ పెనుకొండకూ ఎంతో దూరం లేదు. పొద్దున రైలెక్కితే టిఫిన్ వేళకు చేరొచ్చు. దూరం సంగతి కాదు ఇది.

పోయిన నెల మళ్లీ ఫోను చేసింది. రెండో మనిషి కుదిరిందట. ఓబులదేవరచెరువు ఊరామె. వానలు లేక చేను వదిలేసి వచ్చిందట.

“ఎట్లుండాది ఆమె?” అని అడిగాను.

“మంచిదేక్కా. మాటలు తక్కువ. పని జరిగిపోతాది,” అంది. వెనక ఎవరో ఏదో భాషలో పిలిస్తే, మళ్లీ చేస్తానని పెట్టేసింది.

ఆ పొద్దు షాపు నుంచి కొత్త చీరలు వచ్చి ఉన్నాయి. సాయంత్రానికి కావాలన్నారు. ఒక కొంగు ఒళ్లోకి తీసుకుని పోగులు విడదీశాను. కుచ్చులు కట్టడానికి ఎదురుగా ఎవరూ అక్కర్లేదు.